సోలాపూర్ దారి నుంచి సియాల్‌కోట్ దాకా: ట్యాంక్ డివిజన్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో 1965 యుద్ధం మీద ఒక పేజీ రాసి, చివర్లో అనుమానాలుంటే అడగమన్నాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగింది మన సైన్యంలోని 1వ ఆర్మర్డ్ డివిజన్ గురించే, ఇప్పుడు ఐరావత డివిజన్ అంటారే, అది. కొత్తవాళ్ల కోసం ఒక మాట. నేను ట్యాంక్ రెజిమెంట్‌లో ఇరవై నాలుగేళ్లు చేసి రిసాల్దార్‌గా రిటైరై హనుమకొండలో ఉంటున్నాను. 1965 నాటికి పసిపిల్లవాణ్ని, 1971 నాటికి బడికి పోతున్నాను, కాబట్టి ఆ యుద్ధాలు నేను చూడలేదు. నాకు పని నేర్పిన ఉస్తాదులు మాత్రం చూశారు.

ప్రశ్న: డివిజన్, బ్రిగేడ్, రెజిమెంట్ అని రాస్తారు. ఏది పెద్దది, ఏది చిన్నది? ఒక రెజిమెంట్‌లో ఎన్ని ట్యాంకులు ఉంటాయి? (డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: కింది నుంచి చెప్తాను తమ్ముడూ. 1965లో మనం వాడిన సెంచూరియన్ లాంటి ట్యాంకులో నలుగురు కూర్చుంటారు: డ్రైవర్, గన్నర్, లోడర్, కమాండర్. పద్నాలుగు ట్యాంకులైతే ఒక స్క్వాడ్రన్. మూడు స్క్వాడ్రన్లు, కమాండింగ్ ఆఫీసర్ దగ్గర ఇంకో మూడు ట్యాంకులు, మొత్తం 45 కలిస్తే రెజిమెంట్. రెండు మూడు రెజిమెంట్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్. అయితే డివిజన్ అంటే ట్యాంకులొక్కటే అనుకుంటే అక్కడే పొరపాటు. ట్యాంకుల వెనకే లారీల్లో వచ్చే పదాతి దళం, ఫిరంగులు, వంతెనలు వేసే సాపర్లు, డీజిల్ పెట్రోలు మోసే లారీలు, చెడిన బండిని లాక్కొచ్చే రికవరీ బండ్లు, వంటవాళ్లు, డాక్టర్లు అందరూ ఉంటారు. ట్యాంకు ఎంత దూరం పోగలదన్నది వెనక వచ్చే లారీల చేతిలో ఉంటుంది. 1965 లెక్క అర్థం కావాలంటే ఈ మాట గుర్తుపెట్టుకో, కింద మళ్లీ వస్తుంది.

ఇంకో సంగతి. పాత ట్యాంక్ రెజిమెంట్లు చాలావరకు ఒకప్పటి గుర్రపు దళాలే, అందుకే హోదాల పేర్లు కూడా గుర్రాల కాలం నాటివే మిగిలాయి. సిపాయిని సవార్ అంటాం, హవల్దార్‌ను దఫాదార్ అంటాం. మన కలెక్టరాఫీసులో ఎర్ర పట్టీ వేసుకుని నిలబడే దఫేదార్ ఉంటాడు చూడు, ఆ మాట కూడా అదే.

ప్రశ్న: మా ఊళ్లో ట్యాంక్ అంటే నీళ్ల ట్యాంకు. యుద్ధం బండికి ఆ పేరు ఎందుకు పెట్టారు? (ఎనిమిదో తరగతి, భూపాలపల్లి)

జవాబు: నిజంగానే నీళ్ల ట్యాంకు నుంచే వచ్చిందమ్మా. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఈ బండిని రహస్యంగా తయారు చేశారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు కూడా అసలు సంగతి తెలియకూడదని, ఇవి నీళ్లు మోసే ట్యాంకులని చెప్పారు. ఆ దొంగ పేరే నిలిచిపోయింది. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర మొదటిసారి వాటిని యుద్ధంలోకి దించారు.

ప్రశ్న: మా నాన్నగారు పోలీస్ యాక్షన్ గురించి చెప్పినప్పుడల్లా "సోలాపూర్ దిక్కునుంచి ట్యాంకులొచ్చినై, ఐదు దినాల్ల అయిపోయింది" అనేవారు. అప్పుడు వచ్చింది, 1965లో పాకిస్థాన్ మీద పోరాడింది ఒకే డివిజనా? ఆ ట్యాంకులు వరంగల్ దాకా వచ్చాయా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, జనగామ)

జవాబు: ఒకటే సార్. మీ నాన్నగారు చెప్పిన దిక్కు, రోజుల లెక్క రెండూ సరైనవే.

ఈ డివిజన్‌ను 1940లో లేపారు. రెండో ప్రపంచ యుద్ధంలో 31వ డివిజన్ అని నంబరు మార్చి ఇరాక్, సిరియా, ఈజిప్టు వైపు తిప్పారు గానీ అక్కడ డివిజన్ మొత్తంగా పెద్ద యుద్ధం చేసింది లేదు. యుద్ధం అయ్యాక మళ్లీ 1వ డివిజన్ అయింది, దేశ విభజనప్పుడు మన వాటాకు వచ్చింది. స్వతంత్ర భారతంలో అది బయలుదేరిన మొదటి పెద్ద పని హైదరాబాద్ రాజ్యం మీదికే. డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున సోలాపూర్ వైపు నుంచి సరిహద్దు దాటారు. మొదట నల్‌దుర్గ్, తర్వాత ఉమర్గా, హోమ్నాబాద్, జహీరాబాద్, అలా సోలాపూర్ రోడ్డు పట్టుకునే వచ్చారు. ఇప్పుడు మనం ముంబై బస్సెక్కితే పోయే దారి అది. 17 సాయంత్రం నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న నగర శివార్లలో నిజాం సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. ఆ తర్వాత 1949 చివరి దాకా చౌధురే మనకు మిలటరీ గవర్నర్.

రెండో దళం తూర్పు నుంచి వచ్చింది. విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా. వెనక్కి తగ్గేవాళ్లు సూర్యాపేట దాటాక మూసీ వంతెన పేల్చేసి పోతే వీళ్లకు ఆలస్యం అయింది. ఈ రెండు దారుల్లోనూ వరంగల్ లేదు. కాబట్టి మన పెద్దవాళ్లలో "ట్యాంకులు చూసినం" అన్నవాళ్లు తర్వాతి నెలల్లో ఊళ్లలోకి వచ్చిన మిలటరీ లారీలనో, ఇనుప రేకుల కార్లనో చూసి ఉంటారని నా ఉద్దేశం. మా అమ్మమ్మ కూడా అన్నిటినీ కలిపి "మిలటరోళ్ల బండ్లు" అనే అనేది. దుమ్ము లేవగానే పిల్లలను తీసుకుని జొన్నచేనులోకి పోయి కూర్చునేవాళ్లట, వచ్చేది రజాకార్లో మిలటరీయో దుమ్మును బట్టి తెలియదు కదా.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. రజాకార్ల పీడ పోయిందని మన ఊళ్లలో జనం ఊపిరి పీల్చుకున్నారు, అది నిజం. ఆ ఐదు రోజుల తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద జరిగిన హత్యాకాండా నిజమే. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 మంది దాకా ఉంటారని అంచనా వేసింది. ఇక నల్గొండ, వరంగల్ జిల్లాల్లో అదే సైన్యం కమ్యూనిస్టు దళాల వేటకు దిగింది, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించే దాకా మన పల్లెల్లో క్యాంపులు ఉన్నాయి. నేను ఆ యూనిఫాం వేసుకున్నవాణ్ని, దాని మీద నాకు ప్రేమ ఉంది. అందుకే ఈ పేజీ చింపేసి మిగతాది చదువుకుందామని నేను ఎవరికీ చెప్పను.

ప్రశ్న: 1965లో సియాల్‌కోట్ దగ్గర ఎవరు గెలిచారు? యూట్యూబ్‌లో మనవాళ్లు ఫిల్లోరా గెలిచామంటారు, వాళ్లు చవిండా గెలిచామంటారు. నిజం ఏది? మా రూమ్‌లో ఈ విషయం మీద రాత్రంతా గొడవ అయింది. (పోటీ పరీక్షలకు చదువుతున్న యువకుడు, కరీంనగర్)

జవాబు: రెండూ నిజమే. ఫిల్లోరా మనం గెలిచాం, చవిండా మనకు దక్కలేదు. గొడవ ఎందుకు వస్తుందంటే ఎవరికి వాళ్లు ఒక్క తారీఖు పట్టుకుని కూర్చుంటారు. వరసగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ ఏడాది ఆర్మీ చీఫ్ ఎవరనుకున్నావు, పైన చెప్పిన చౌధురే. ఆయన పాత డివిజన్‌ను ఇప్పుడు మేజర్ జనరల్ రాజిందర్ సింగ్ నడుపుతున్నాడు, అందరూ స్పారో అని పిలిచేవాళ్లు. 1948 నవంబర్ 1న కశ్మీర్‌లో జోజిలా కనుమ మీదికి, పదకొండు వేల అడుగుల ఎత్తుకు, ట్యాంకులు ఎక్కించిన మనిషి ఈయనే. టరెట్లు, అంటే గన్ ఉండే పైభాగాలు, ఊడదీసి, శత్రువుకు తెలియకుండా రాత్రిళ్లు మోసుకొచ్చి, దగ్గరికి వచ్చాక మళ్లీ బిగించారు. ఆ దారి వేసింది మద్రాస్ సాపర్లు. అప్పుడు ఒక మహావీర్ చక్ర, 1965లో ఇంకొకటి.

పథకం ఏమిటంటే, జమ్మూ కింద సాంబా, రామ్‌గఢ్ వైపు నుంచి సరిహద్దు దాటి, ఫిల్లోరా, చవిండా మీదుగా దూసుకుపోయి సియాల్‌కోట్‌ను లాహోర్ నుంచి విడగొట్టడం. డివిజన్ల పైన ఉండేది కోర్, ఇక్కడ 1వ కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ పి.ఓ. డన్. సెప్టెంబర్ 7 రాత్రి 6వ మౌంటెన్ డివిజన్ పదాతి దళం మహరాజ్‌కే, చర్వా ఊళ్లు పట్టి తలుపు తెరిచింది. 8 పొద్దున్నే ట్యాంకులు లోపలికి దిగాయి. ముందు 16 లైట్ కేవల్రీ, పూనా హార్స్ అనే ట్యాంక్ రెజిమెంట్లు. ఈ 16 లైట్ కేవల్రీ గురించి మన పాఠకులకు తెలియాలి. అది దక్షిణాది వాళ్ల రెజిమెంట్, తమిళులు, మలయాళీలు, కన్నడిగులతో పాటు మన తెలుగువాళ్లూ ఉండే రెజిమెంట్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో దానికి కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్నది ఈ చౌధురే.

ఎదురుగా గద్గోర్ దగ్గర ఉన్నది పాకిస్థాన్ 25 కేవల్రీ, ఒక్క రెజిమెంట్. లెఫ్టినెంట్ కర్నల్ నిసార్ అహ్మద్ ఖాన్ తన అమెరికన్ ప్యాటన్ ట్యాంకులను ఒకే వరసలో వెడల్పుగా పరిచాడు. వెనక రెండో వరస లేదు. అవతల ఉన్నది అంత తక్కువ బలమని మనవాళ్లు పోల్చుకోలేకపోయారు. దెబ్బలు తగిలాయి, ట్యాంకులు కాలిపోయాయి, పక్క నుంచి ఇంకో దళం వస్తోందన్న అనుమానం కలిగింది, డివిజన్ ఆగింది. అటు కుడి వైపు 43వ బ్రిగేడ్ లారీలు బురదలో దిగబడ్డాయి.

బురద సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. సెప్టెంబర్‌లో పంజాబ్ నేల చూస్తే పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తగా ఉంటుంది. మా యుద్ధ ఎక్సర్‌సైజులో ఒకసారి నా ట్యాంకు ఇలాగే వరిమడి అంచున దిగింది. డ్రైవర్ రేస్ చేసిన కొద్దీ ట్రాక్ తిరుగుతోంది, బండి కదలడం లేదు, ట్రాక్ తన గొయ్యి తానే తవ్వుకుంటోంది. మన దగ్గర దమ్ము చేసేటప్పుడు కేజ్‌వీల్ ట్రాక్టర్ కూరుకుపోతే చూశారుగా, అదే పని, కాకపోతే ట్రాక్టర్ రెండు టన్నులు, ఇది నలభై. దుంగలు కోసి ట్రాక్ కిందికి తోసి, ముందు ఇంకో ట్యాంకుకు ఉక్కు తాళ్లు కట్టి లాగేసరికి మాకు నాలుగు గంటలు పట్టింది, అదీ ఎవరూ మా మీద కాల్చకుండా ఉంటే. 1965లో ఆ లారీల్లో ఉన్నది పదాతి దళం. వాళ్లు రాకుండా ట్యాంకు ముందుకు పోతే చెరకు తోటలో దాక్కున్న ఒక్క జీపు, దాని మీద ట్యాంకులను కొట్టే రికాయిల్‌లెస్ గన్ చాలు.

అలా 9, 10 తారీఖులు రెండు రోజులు పోయాయి. ఈ రెండు రోజులే ఈ కథకు గుండెకాయ అని నేను నమ్ముతాను. 8 సాయంత్రం దాకా చవిండా ముందు పెద్ద అడ్డు లేదు. మనం సర్దుకునే లోపల పాకిస్థాన్ మేజర్ జనరల్ అబ్రార్ హుస్సేన్ తన 6వ ఆర్మర్డ్ డివిజన్‌ను తెచ్చి అక్కడ నిలబెట్టాడు.

అసలు వాళ్లకు కూడా ముందే తెలిసే అవకాశం ఒకటి వచ్చి చేజారింది. యుద్ధానికి కొద్ది రోజుల ముందు సాంబా వైపు మన డెస్పాచ్ రైడర్, అంటే ఉత్తరాలు మోసే సిపాయి, ఒకడు వాళ్లకు చిక్కాడు, అతని సంచిలో 1వ ఆర్మర్డ్ డివిజన్ యూనిట్లకు పోవాల్సిన ఉత్తరాలున్నాయి. ఇళ్ల నుంచి వచ్చిన మామూలు ఉత్తరాలు. డివిజన్ ఎక్కడుందో ఆ సంచే చెప్పేసింది. అయితే అది మనం కావాలని వేసిన ఎర అనుకుని వాళ్ల పైవాళ్లు నమ్మలేదని అక్కడి సైన్యాధికారులే తర్వాత రాసుకున్నారు.

11న ఫిల్లోరా. ఆ రోజు మాత్రం మన డివిజన్ పని చాలా గొప్పగా జరిగింది. పూనా హార్స్, హాడ్సన్స్ హార్స్ సెంచూరియన్లతో పక్కల నుంచి చుట్టుకొచ్చి వాళ్ల 11 కేవల్రీ, గైడ్స్ కేవల్రీలను ఢీకొన్నాయి. ప్యాటన్ కొత్త బండి, మంచి బండే. కాకపోతే దాంట్లో దూరం కొలిచి గురి చూసే ఏర్పాటుకు బాగా శిక్షణ కావాలి, నెలల తరబడి దాని మీద చెయ్యి తిరగాలి. సెంచూరియన్ పాతది, బరువు యాభై టన్నుల దాకా ఉంటుంది, నడక నెమ్మది. కానీ మన గన్నర్లకు దాని మీద చెయ్యి కుదిరింది. మా ఉస్తాద్ ఒకాయన పొద్దున పరేడ్‌లో రోజూ ఇదే అడిగేవాడు: "బండి పేరు చెప్పకు, నీ మొదటి గుండు ఎన్ని సెకన్లలో పోతుందో చెప్పు." మధ్యాహ్నానికి ఫిల్లోరా మన చేతికి వచ్చింది.

మళ్లీ ఆగడం. చవిండా మీదికి 14న పోయారు, కుదరలేదు. 16న పక్క నుంచి చుట్టి జస్సోరన్, బుతూర్ డోగ్రాండీ పట్టారు, అక్కడ పోయినవాళ్ల సంగతి కింద తారాపూర్ జవాబులో చెప్తాను, కానీ పట్టిన ఊళ్లను నిలుపుకోలేకపోయారు. 18 రాత్రి 6వ మౌంటెన్ డివిజన్ చీకట్లో చేసిన దాడి చెదిరిపోయింది. 23 తెల్లవారుజామున కాల్పులు ఆగాయి. అప్పటికి ఈ సెక్టార్‌లో మన చేతిలో ఉన్నది మన లెక్క ప్రకారం 460 చదరపు కిలోమీటర్లు. 1966 జనవరి 10 తాష్కెంట్ ఒప్పందంతో అది తిరిగి ఇచ్చేశాం.

ఇక మీ రూమ్ గొడవకు నా తీర్పు: వాళ్ల ట్యాంకులు ఎక్కువ విరగ్గొట్టాం, వాళ్ల నేల పట్టాం, అనుకున్న చోటికి మాత్రం చేరలేదు. సవార్లలో, పదాతి సిపాయిలలో లోపం లేదు. లోపం పై నుంచి సమాచారం అందడంలో, ట్యాంకులు ఒక దారి, పదాతి దళం ఒక దారి అయిపోవడంలో ఉంది. అవతల 25 కేవల్రీ వాళ్లు ఆ మొదటి రోజు చేసిన పనిని కూడా మెచ్చుకోవాలి. ఎదుటివాడిని తక్కువ చేసి చెప్తే, వాడి ముందు ప్రాణం పెట్టిన మనవాళ్లను కూడా తక్కువ చేసినట్టే.

ప్రశ్న: పరమవీర చక్ర తారాపూర్ హైదరాబాద్ వాడని మా సార్ చెప్పారు, నెట్‌లో ముంబై అని ఉంది. ఏది సరైనది? (ఇంటర్ విద్యార్థిని, మహబూబాబాద్)

జవాబు: పుట్టింది ముంబైలో, 1923 ఆగస్టు 18న, పార్సీ కుటుంబం. కానీ సైనికుడయ్యింది మన హైదరాబాద్‌లో తల్లీ, కాబట్టి మీ సార్ తప్పేమీ చెప్పలేదు. 1942లో నిజాం సైన్యంలో 7వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో అధికారిగా చేరాడు. ఆయన మనసు మాత్రం గుర్రపు దళం మీద, అంటే ట్యాంకులు, ఆర్మర్డ్ కార్ల మీద ఉండేది. ఒక రోజు గ్రెనేడ్ విసిరే శిక్షణ జరుగుతుంటే ఒక సిపాయి సరిగ్గా విసరలేక గ్రెనేడ్ అక్కడే పడింది. తారాపూర్ దూకి దాన్ని తీసి బయటికి విసిరాడు, అది గాల్లో పేలి ముక్కలు ఆయన ఛాతీకి తగిలాయి. ఆ రోజు చూడటానికి వచ్చిన ఎల్ ఎద్రూస్, అవును, 1948లో లొంగిపోయిన ఆ సైన్యాధిపతే, ఆయన్ను పిలిచి మెచ్చుకుంటే, నన్ను ఆర్మర్డ్ రెజిమెంట్‌లోకి మార్చండని అడిగాడు. అలా 1వ హైదరాబాద్ లాన్సర్స్‌కు వెళ్లాడు, రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పనిచేశాడు. రాజ్యం విలీనమయ్యాక భారత సైన్యంలోకి తీసుకున్నవాళ్లలో ఆయన ఒకడు, 1951లో పూనా హార్స్‌లో చేరాడు. 1948లో ఎదురుగా వచ్చిన డివిజన్‌కే 1965లో ఆయన రెజిమెంట్ ముందు నడిచింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

ఫిల్లోరా, వజీర్‌వాలీ, జస్సోరన్, బుతూర్ డోగ్రాండీ, ఈ ఊళ్లన్నిటి మీదికీ పూనా హార్స్‌ను ఆయనే నడిపాడు. మధ్యలో గాయపడ్డాడు, వెనక్కి పొమ్మన్నా పోలేదు. ట్యాంకు కమాండర్ టరెట్ పైమూత తెరిచి తల బయట పెట్టి నిలబడితేనే నాలుగు దిక్కులూ కనపడతాయి, మూత వేసుకుంటే కనపడేది వేలెడంత అద్దంలోంచే. మూత వేసుకుంటే ప్రాణానికి మంచిది, తెరిస్తే రెజిమెంట్‌కు మంచిది. ఆయన తెరిచే ఉంచాడు. సెప్టెంబర్ 16న బుతూర్ డోగ్రాండీ దగ్గర చనిపోయాడు, నలభై రెండేళ్లు. ఆ రోజు ఆ ఊరి మీదికి ఆయన ట్యాంకులతో కలిసి నడిచిన 8 గఢ్వాల్ రైఫిల్స్ కూడా చాలా మందిని పోగొట్టుకుంది. ఆయనకిచ్చిన ప్రశంసాపత్రంలో రెజిమెంట్ శత్రువు ట్యాంకులు సుమారు 60 నాశనం చేసిందని, తాను పోగొట్టుకున్నది 9 అని ఉంది. తాను పోతే యుద్ధభూమిలోనే దహనం చేయమని ముందే తన మేజర్‌కు చెప్పి పెట్టాడు. ప్రార్థన పుస్తకం అమ్మకు, గొలుసు భార్యకు, ఉంగరం కూతురికి, కడియం, పెన్ను కొడుక్కి ఇమ్మన్నాడట. మా ట్రైనింగ్‌లో ఉస్తాద్ ఇది చెప్తున్నప్పుడు తరగతిలో ఎవరూ కదల్లేదు.

ప్రశ్న: అసల్ ఉత్తర్ యుద్ధం కూడా ఈ డివిజన్‌దేనా? (సింగరేణి ఉద్యోగి, పెద్దపల్లి)

జవాబు: కాదు. అది పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర జరిగింది, అక్కడికి వచ్చిన 1వ ఆర్మర్డ్ డివిజన్ పాకిస్థాన్‌ది. ఇద్దరికీ అదే నంబరు, అందుకే పొరపాటు పడతారు. మన వైపు 4వ మౌంటెన్ డివిజన్, బ్రిగేడియర్ త్యాగరాజ్ కింద 2వ ఆర్మర్డ్ బ్రిగేడ్. పొలాల్లోకి నీళ్లు వదిలి, గుర్రపునాడా ఆకారంలో చెరకు తోటల్లో కాపు వేసి, వాళ్ల ప్యాటన్లను లోపలికి రానిచ్చి కొట్టారు. హవల్దార్ అబ్దుల్ హమీద్ పోరాడింది అక్కడే. మనవాళ్లు అక్కడ 97 ట్యాంకులు లెక్కపెట్టారు. మనకు కావాల్సిన సంగతి ఇంకొకటుంది: అక్కడ పాత షెర్మన్ ట్యాంకులతో పోరాడిన దక్కన్ హార్స్ రెజిమెంట్ 1790లో నిజాం కొలువులో పుట్టిన గుర్రపు దళం.

ప్రశ్న: 1971లో డివిజన్ ఏం చేసింది? దాని గురించి ఎవరూ రాయరు. (రైతు, ములుగు)

జవాబు: రాయకపోవడానికి కారణం, దాన్ని యుద్ధంలోకి దించలేదు. పంజాబ్‌లో ఫాజిల్కా వెనక సిద్ధంగా ఉంచారు. అటు పాకిస్థాన్ తన ట్యాంక్ డివిజన్‌తో దాడికి వస్తే అడ్డుకోవాలి, కాబట్టి కదల్చలేదు. వాళ్లూ దించలేదు. రెండు డివిజన్లూ ఒకదానినొకటి కనిపెట్టుకుంటూనే యుద్ధం ముగిసింది. దానివల్ల వీళ్లు పనిలేకుండా ఉన్నారని అనుకోవద్దు. రోజూ ఇంజన్ వేడి చేసి, గుండ్లు తుడిచి, ఈ రాత్రి పిలుపు వస్తుందేమోనని నిద్ర లేకుండా రెండు వారాలు గడపడం ఎంత టెన్షనో, పంట చేతికొచ్చే ముందు మబ్బు చూస్తూ కూర్చునే మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పటికి పూనా హార్స్ వేరే బ్రిగేడ్ కింద ఉండి, మళ్లీ ఆ సియాల్‌కోట్ వైపే, బసంతర్ నది దగ్గర పోరాడింది. మందుపాతరల మధ్య సాపర్లు దారి పూర్తిగా తీయకముందే లెఫ్టినెంట్ కర్నల్ హనూత్ సింగ్ ట్యాంకులను అవతలికి దాటించాడు. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ డిసెంబర్ 16న అక్కడే చనిపోయాడు, ఇరవై ఒక్క ఏళ్లు, పరమవీర చక్ర. ఆ సెక్టార్‌లో 1వ కోర్‌ను నడిపిన లెఫ్టినెంట్ జనరల్ కె.కె. సింగ్ ఎవరంటే, 1965లో గద్గోర్ దగ్గర ఆగిపోయిన ఆ ఆర్మర్డ్ బ్రిగేడ్ కమాండర్.

ప్రశ్న: మా అబ్బాయికి పందొమ్మిదేళ్లు. ట్యాంకుల్లోనే చేరతానని పట్టుబట్టాడు. లోపల కూర్చుంటే ఊపిరాడదని, వేడికి మనుషులు పడిపోతారని ఎవరో చెప్పారు. నాకు భయంగా ఉంది అన్నా. (గృహిణి, ఖిలా వరంగల్)

జవాబు: ఉన్నదున్నట్టు చెప్తానమ్మా. వేడి నిజమే. మే నెలలో మధ్యాహ్నం ట్యాంకు పైరేకు మీద అరచెయ్యి ఆనించలేం, చేతిగుడ్డ వేసుకుని ఎక్కేవాళ్లం. లోపల డీజిల్ వాసన, గన్ కాల్చాక మందు వాసన, మోకాళ్లు మడుచుకుని కూర్చోవడం. టి-72, టి-90 లాంటి బండ్లలో ముగ్గురే ఉంటారు, చోటు చాలా తక్కువ. మొదటి నెల అందరికీ మోచేతులు, మాడు ఎక్కడో ఒక చోట గుద్దుకుంటాయి. ట్రాక్ పిన్ అరిగితే పెద్ద సుత్తితో కొట్టి తీసి కొత్తది వేయాలి, ఒకడు పట్టుకుంటాడు, ఒకడు కొడతాడు. అర్ధరాత్రి వానలో కూడా అదే పని, అధికారి అయినా సుత్తి పట్టాల్సిందే. ఊపిరాడకపోవడం మాత్రం లేదు, గాలి ఆడే ఏర్పాటు ఉంటుంది. లోపల ఉన్నవాళ్లు ఒకే గిన్నెలో తిని, ఒకే టార్పాలిన్ కింద పడుకుంటారు. నా గన్నర్ బిహార్ వాడు, ఇప్పటికీ ప్రతి దసరాకు ఫోన్ చేస్తాడు.

ఇక చేరే సంగతి. ఇప్పుడు సిపాయిలుగా తీసుకునేది అగ్నివీర్ కింద. వయసు నోటిఫికేషన్‌లో చెప్పిన పరిమితి లోపు ఉండాలి, నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మంది దాకానే పర్మనెంట్ చేస్తారు. ఇది అబ్బాయికీ మీకూ ముందే తెలిసి ఉండాలి. మొదట ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీలో పరుగు, కొలతలు, మెడికల్. మన తెలంగాణ జిల్లాలను చూసేది సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసు. మధ్యవర్తులు డబ్బు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు, డబ్బుతో అయ్యే పని కాదిది. ఏ దళం వస్తుందన్నది మన చేతిలో పూర్తిగా ఉండదు. ట్యాంకులు వస్తే శిక్షణ మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో, ఇప్పుడు అహల్యానగర్ అంటున్నారు. అక్కడే ట్యాంకుల మ్యూజియం కూడా ఉంది, సెంచూరియన్, షెర్మన్, పట్టుకొచ్చిన ప్యాటన్ అన్నీ నిలబెట్టారు.

వీలైతే దరఖాస్తు పెట్టకముందే అబ్బాయిని ఒకసారి అక్కడికి తీసుకుపోండి, మీరూ వెళ్లండి. సెంచూరియన్ పక్కన నిలబడి ట్రాక్ ఎంత వెడల్పుందో చెయ్యి పెట్టి చూడమనండి. ఆ తర్వాత కూడా అదే మాట మీద ఉంటే హనుమకొండలో మా ఇంటికి పంపండి, పొద్దున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నేను పిల్లలను పరిగెత్తిస్తాను. బూట్లు ఒక్కటి తెచ్చుకుంటే చాలు.